హారంలో ఏ నేల ఉంది? జనసాంద్రత పాఠం రాసేవారికి, చెప్పేవారికి ఒక బహిరంగ లేఖ

ఏడు, ఎనిమిది తరగతుల సాంఘిక శాస్త్రం పాఠాలు రాసే పెద్దలకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే తోటి ఉపాధ్యాయులకు, శ్రీకాకుళం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పే మాస్టారు నమస్కరించి రాసేది.

2022 ఏప్రిల్ 4న విజయనగరం జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 359 నుంచి 468కి చేరింది. ఆ రోజు ఎవరూ కొత్తగా వచ్చి ఆ జిల్లాలో కాపురం పెట్టలేదు. ఉన్నవాళ్లు ఉన్న ఇళ్లలోనే ఉన్నారు. లెక్కకు తీసుకున్న జనాభా కూడా 2011 నాటిదే. మారింది జిల్లా సరిహద్దు ఒక్కటే. పార్వతీపురం, కురుపాం, సాలూరు వైపు మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. శ్రీకాకుళం నుంచి రాజాం వైపు మండలాలు విజయనగరంలో కలిశాయి. 6,539 చదరపు కిలోమీటర్ల జిల్లా 4,122కి తగ్గింది. ఇటు శ్రీకాకుళం కూడా పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని వైపు నేలను మన్యానికి ఇచ్చి 5,837 నుంచి 4,591కి వచ్చింది, సాంద్రత 463 నుంచి 477కి పెరిగింది. కొత్త మన్యం జిల్లా సాంద్రత 253.

మా ప్రాంతం పిల్లలకు జనసాంద్రత నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతికినా దొరకదు. ఇది వాళ్ల ఎరుకలో జరిగింది. పాలకొండ, రాజాం వైపు బళ్ల బోర్డుల మీద జిల్లా పేరు మారడం ఇప్పుడు ఏడూ ఎనిమిదీ చదువుతున్న పిల్లలు చిన్నప్పుడు చూశారు. కానీ తరగతిలో మనం చెప్పేది వేరు. 'ఒక చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో సగటున నివసించే జనాభాను జనసాంద్రత అంటారు' అని రాయిస్తాం. బీహార్‌లో ఎక్కువ, అరుణాచల్ ప్రదేశ్‌లో తక్కువ అని చెబుతాం. నదులు, మైదానాలు, పరిశ్రమలు ఉన్నచోట జనం ఎక్కువ, కొండలు, అడవులు, ఎడారులు ఉన్నచోట తక్కువ అని కారణాలు కట్టబెడతాం. పీరియడ్ అయిపోతుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, పిల్లవాడు అప్పచెప్పినట్టు రాస్తాడు, మార్కులు పడతాయి. ఆ 477 అనే అంకె ఎలా పుట్టిందో, అందులో తన ఊరు ఎక్కడుందో వాడికి తెలియదు.

నేను అడిగేది ఒక్కటే. జనసాంద్రతను అప్పచెప్పే మాటగా కాకుండా, పిల్లలు తమ చేత్తో వేసుకుని, వేసుకున్నాక అనుమానించి చూడవలసిన భాగహారంగా నేర్పండి. ఈ భాగహారంలో పైన ఉండే జనాభా లవం, కింద ఉండే విస్తీర్ణం హారం. ప్రతిసారీ రెండు ప్రశ్నలు అడగనివ్వండి: హారంలో ఏ నేల ఉంది? లవంలో ఉన్న మనుషుల్ని ఏ రోజున, ఎక్కడ లెక్కపెట్టారు?

హారం సంగతి ముందు చెబుతాను. మా బడి వరండాలో నాపరాళ్లు పరిచి ఉన్నాయి, అన్నీ ఒకే కొలత. ఇరవై రాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాని లోపల ఇరవై మంది పిల్లల్ని నిలబెడతాను. పదహారు మందిని తరగతి గుమ్మం పక్కనున్న పది రాళ్ల మీద, మిగిలిన నలుగురిని అవతలి పది రాళ్ల మీద. సాంద్రత ఎంత అంటే వెంటనే చెబుతారు, రాయికి ఒకరు. అప్పుడు ఎవరినీ కదలవద్దని చెప్పి మధ్యలో ఇంకో గీత గీస్తాను. ఇటువైపు పెట్టెలో సాంద్రత రాయికి 1.6. అటువైపు 0.4. 'ఇప్పుడు ఇటువైపు జనం పెరిగారా?' అని అడిగితే తరగతంతా లేదంటుంది. గుమ్మం పక్కన ఇరుక్కుని నిలబడ్డవాళ్లు మాత్రం, ఇందాకటి నుంచీ మేం ఇలాగే ఇరుగ్గా ఉన్నాం, రాయికి ఒకరే అన్నప్పుడు మా ఇరుకు మీ లెక్కలో కనపడలేదు అంటారు. జిల్లా సగటు అంటే ఏమిటో దానితో తెలిసిపోతుంది. అప్పుడే నల్లబల్ల మీద 359, 468 రాసి 2022 ఏప్రిల్ సంగతి చెబితే, ఇక విడిగా వివరించవలసిన పని ఉండదు.

దీని తరవాత పిల్లలు తప్పకుండా అడిగేది, మూడు జిల్లాలూ కలిపితే ఎంత అని. 477, 468, 253 కూడి మూడుతో భాగిస్తారు, 399 వస్తుంది. అది సరికాదు. మూడు జిల్లాల జనాభా కలిపితే సుమారు 50.48 లక్షలు, విస్తీర్ణం 12,372 చదరపు కిలోమీటర్లు, భాగిస్తే 408. తేడా ఎందుకు వచ్చిందో తేల్చే పని లెక్కల మాస్టారికి అప్పగించవచ్చు. ఆయన సగటుల పాఠం చెప్పేటప్పుడు ఈ అంకెలే వాడుకుంటే రెండు సబ్జెక్టులకీ మేలు.

చదరపు కిలోమీటరు అనే కొలత పన్నెండేళ్ల పిల్లల ఊహకు అందదు. ఈ సంగతి పాఠం రాసేవారు గట్టిగా పట్టించుకోవాలని నా కోరిక. మా పిల్లలకు తెలిసిన కొలతలు ఎకరం, సెంటు. ఇంటి పట్టాల మాట వచ్చినా, కౌలు మాట వచ్చినా, అన్నదమ్ముల పంపకాలు వచ్చినా ఇంట్లో వాళ్లు వినేది సెంట్లే. అందుకని నేను లెక్కను తిరగేసి చెబుతాను. ఒక చదరపు కిలోమీటరు అంటే 247 ఎకరాలు, అంటే 24,700 సెంట్లు. దాన్ని సాంద్రతతో భాగిస్తే మనిషికి ఎన్ని సెంట్ల నేల వస్తుందో తెలుస్తుంది. శ్రీకాకుళంలో దాదాపు 52 సెంట్లు. విజయనగరంలో 53. మన్యంలో 98, అంటే ఎకరానికి కాస్త తక్కువ. 2011 లెక్కల ప్రకారం దేశం మొత్తానికి చదరపు కిలోమీటరుకు 382 మంది, అంటే మనిషికి 65 సెంట్లు. బీహార్‌లో 1,106 మంది, మనిషికి 22 సెంట్లు. అరుణాచల్‌లో 17 మందే కాబట్టి మనిషికి పద్నాలుగున్నర ఎకరాలు. ఢిల్లీలో 11,320 మంది, మనిషికి రెండు సెంట్ల పైచిలుకు. ఢిల్లీ అంకె దగ్గరకు వచ్చేసరికి పిల్లలు నిర్ఘాంతపోతారు, ఎందుకంటే రెండు సెంట్లు అంటే ఎంతో వాళ్లు కంటితో చూసినవాళ్లు. ఆ రెండు సెంట్లలోనే రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు, పార్లమెంటు, యమునా నది అన్నీ ఉన్నాయని చెబితే ఢిల్లీ గురించి ఇక వేరే వర్ణన అక్కర్లేదు.

ఈ లెక్క చెప్పినప్పుడు ఒకసారి ఉద్దానం వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, 'మా నానకి పది సెంట్లే ఉన్నాది మాస్టారూ, ఇంట్లో ఐదుగురం. మిగతాది ఎవుల దగ్గరున్నాది?' అని అడిగాడు. ఆ రోజు మిగతా పీరియడంతా ఆ ప్రశ్నకే ఇచ్చాను. మనిషికి వచ్చే ఆ 52 సెంట్లలో ఏమేం ఉన్నాయో పిల్లలే చెబుతుంటే నల్లబల్ల మీద రాశాం. వంశధార, నాగావళి ఇసుక మేటలు. చెరువులు, సోంపేట బీల (చిత్తడి నేల). కొండలు. జాతీయ రహదారి, రైలు పట్టాలు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు. ఇవన్నీ హారంలో ఉన్నాయి, కానీ వీటి మీద ఎవరూ కాపురం ఉండరు, వరి వెయ్యరు. మరి సాగు నేలను మాత్రమే హారంలో పెడితే సాంద్రత ఎంత అవుతుంది? అప్పుడు మనిషికి ఎన్ని సెంట్లు? సాగు నేలలోనూ కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, కొందరికి అసలే లేదు. ఈ తేడా జనసాంద్రత అంకెలో కనిపించదు. దానికి ఇంకో లెక్క కావాలి. ఈ మాట పిల్లలకు చెప్పి తీరాలి. ఒక అంకె ఏం చెబుతుందో నేర్పినప్పుడే అది ఏం చెప్పదో కూడా నేర్పాలి.

ఇందులో మత్స్యకార గ్రామాల సంగతి మరీ ఆలోచించవలసింది. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు తీరం వెంట ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఊరికి నేల తక్కువ, మనుషులు ఎక్కువ. పాఠం చదివిన పిల్లవాడు తన ఊరు 'అధిక జనసాంద్రత గల ప్రాంతం' కాబట్టి అక్కడేదో తప్పుందని అనుకుంటాడు. కానీ ఆ ఊరి బతుకుతెరువు నేల మీద లేదు, నీటి మీద ఉంది. వాళ్లు వేటకు వెళ్లే సముద్రం హారంలోకి రాదు. సీతంపేట కొండల్లో సవర గూడేలది ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడ కొండంతా హారంలోకి వస్తుంది, సాంద్రత బాగా తక్కువగా కనిపిస్తుంది. పోడు చేసుకునే చెక్క ఎంతుందో ఆ అంకెకు పట్టదు. గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లను 'మీ దగ్గర జనం తక్కువ కదా, నేల బోలెడు ఉంటుంది కదా' అంటే ఆ పిల్ల ఏం జవాబు చెప్పాలి?

ఈజిప్టును కూడా ఇక్కడే చెప్పాలి. ఆ దేశం విస్తీర్ణం దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్లు, జనాభా పది కోట్ల పైన. సగటున చదరపు కిలోమీటరుకు వందకు కొంచెం పైన వస్తుంది, మన మన్యం జిల్లాలో సగం కూడా లేదు. పటంలో చూస్తే ఖాళీ దేశం అనిపిస్తుంది. నిజానికి అక్కడి జనంలో దాదాపు 95 శాతం నైలు నది వెంట, దాని డెల్టాలో, దేశంలో ఇంచుమించు ఐదు శాతం నేల మీదే ఉంటారు. పిల్లలే లెక్క కడితే ఆ ఐదు శాతం నేలలో సాంద్రత రెండు వేల దగ్గరకు వస్తుంది. నాగావళి ఒడ్డు ఊళ్లూ కురుపాం కొండలూ చూసిన పిల్లలకు నైలు సంగతి చెప్పగానే తెలుస్తుంది. ముందు తమ నది, తరవాత నైలు. పుస్తకం ఎప్పుడూ ప్రపంచం నుంచి మొదలై దేశం, రాష్ట్రం దాకా వచ్చి, మండలం దాకా రాకుండానే ఆగిపోతుంది. ఆ వరసను తిప్పమని అడుగుతున్నాను.

పటాల గురించి ఒక మాట. రంగులు నింపిన జనసాంద్రత పటంలో జిల్లా అంతా ఒకే రంగు. దాన్ని చూసిన పిల్లలు జిల్లా అంతటా జనం ఒక్క తీరుగా ఉన్నారనుకుంటారు. దీనికి మందు చుక్కల పటం. మేం ముగ్గుపిండితో నేల మీద మూడు జిల్లాల పటం గీసి, పది వేల మందికి ఒక చోడి (రాగి) గింజ చొప్పున పెట్టిస్తాం. శ్రీకాకుళానికి 219 గింజలు, విజయనగరానికి 193, మన్యానికి 93. గింజలు సమంగా చల్లడానికి వీల్లేదు, ఏ గింజ ఎక్కడ పెట్టాలో కారణం చెప్పి పెట్టాలి. ఒకమ్మాయి ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఉద్దానంలో గింజలు గుత్తులుగా పోస్తుంది. కొబ్బరి, జీడి ఉన్నాయి కాబట్టి అంటుంది. ఇంకొకడు హైవే వెంట వరసగా పెడతాడు. గొట్టా బ్యారేజీ కాలవల కింద ఎన్ని పెట్టాలని ఇద్దరు పోట్లాడుకుంటారు. సాలూరు కొండల మీద ఒక్కటీ పెట్టకుండా వదిలేస్తే, అక్కడా ఊళ్లున్నాయి అని వేరొకరు రెండు గింజలు తెచ్చి పెడతారు. జనం పంపిణీకి కారణాలు పది పాయింట్లుగా రాయించనక్కర్లేదు. ఆ వాదనలోనే అన్నీ వచ్చేస్తాయి.

ఇప్పుడు లవం. జనాభా అంకె ఆకాశం నుంచి పడదు, ఎవరో ఇంటింటికీ తిరిగి రాస్తారు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తిరిగి రాశారు, మార్చి 1 నాటి జనాభాగా లెక్క తేల్చారు. ఆ రోజుల్లో ఒక్కసారైనా తన సొంత ఇంట్లో ఉన్నవారిని అక్కడే రాస్తారు. అన్ని రోజులూ లేనివారిని, ఉన్నచోట రాస్తారు. ఫిబ్రవరిలో మా ఊళ్ల పరిస్థితి ఏమిటో చదివే మీకు తెలిసే ఉంటుంది. సంక్రాంతికి హైదరాబాద్, విశాఖ, చెన్నై నుంచి వచ్చినవాళ్లు కనుమ దాటాక మళ్లీ రైలెక్కేస్తారు. తీరం ఊళ్ల మగవాళ్లు ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద ఉంటారు. కాబట్టి వాళ్లలో చాలామంది ఏదో ఇంకో జిల్లా సాంద్రతలో కలుస్తారు. వాళ్ల రేషన్ కార్డు, ఓటు, ముసలి తల్లిదండ్రులు, పిల్లలు మాత్రం ఇక్కడే. మా తరగతిలో వలస వెళ్లిన నాన్నలున్న పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. 'మా నాన్న ఈ 477లో ఉన్నాడా?' అన్న ప్రశ్నకు వాళ్లకు జవాబు దొరకాలి. అది దొరికితే వలస అనే పాఠం విడిగా చెప్పాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

ఇక నాకు నిజంగా బాధ కలిగించే విషయం. జనసాంద్రత పాఠం వెనకాలే పేదరికం, నిరుద్యోగం, చదువులేనితనం వరసగా తగిలించే అలవాటు. జనం ఎక్కువైతే ఇవన్నీ వస్తాయని పిల్లలు తేలిగ్గా రాసేస్తారు, మనం టిక్కు పెట్టేస్తాం. అంకెలు పక్కన పెట్టి చూడండి. 2011లో కేరళ సాంద్రత 860, అక్షరాస్యత 94 శాతం. బీహార్ సాంద్రత 1,106, అక్షరాస్యత దాదాపు 62 శాతం. ఇక్కడిదాకా వాదన ఎటూ తేలలేదనుకుందాం. మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా సాంద్రత 463, బీహార్‌లో సగం కూడా లేదు. అక్షరాస్యత మాత్రం బీహార్‌తో సమానంగా 62 శాతం దగ్గరే ఉంది. ఉమ్మడి విజయనగరం జిల్లా సాంద్రత 359, దేశ సగటు కన్నా తక్కువ, అక్షరాస్యత 59 శాతం. అంటే మన వెనకబాటుకు జనం కిక్కిరిసి ఉండటం కారణం కాదు. వేరే కారణాలు వెతకాలి. నీళ్లు, బళ్లు, భూమి ఎవరి చేతిలో ఉందో, చేసిన పనికి కూలి ఎంతో చూడాలి. పెద్ద కుటుంబంలో పుట్టిన పిల్లవాడు, ఇరుకు వీధిలో పుట్టిన పిల్ల తమ పుట్టుకే దేశానికి బరువని నమ్ముతూ పాఠం ముగించకూడదు. పుస్తకంలో ఆ ధ్వని ఉన్న ప్రతి వాక్యాన్నీ దయచేసి మళ్లీ చూడండి.

సాంద్రత ఎక్కువైతే ఇబ్బందులు లేవని నేను అనడం లేదు. ఇరుకు బస్తీలో మురుగు కాలవ, తాగునీరు, అగ్నిప్రమాదం అన్నీ నిజమైన సమస్యలే. సాంద్రత తక్కువైనా ఇబ్బందే, ఆ సంగతే మనం చెప్పం. మన్యం కొండల్లో పది ఇళ్లకో గూడెం ఉంటే ప్రతి గూడేనికీ రోడ్డు, కరెంటు, బడి, ఆరోగ్య కేంద్రం చేర్చడానికి మనిషికయ్యే ఖర్చు ఎక్కువ. అందుకే అక్కడ నెలలు నిండిన గర్భిణిని డోలీలో మోసుకొచ్చే పరిస్థితి ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. ఈ రెండో వైపు కూడా పాఠంలో ఉండాలి.

ఇదంతా చేయాలంటే ఉపాధ్యాయుడికి ముందు అంకెలు కావాలి. మండలాల వారీగా, గ్రామాల వారీగా విస్తీర్ణం, జనాభా జిల్లా జనగణన పుస్తకాల్లో ఉన్నాయి. అవి ఇంగ్లీషులో, వందల పేజీల్లో, విస్తీర్ణం హెక్టార్లలో ఉంటాయి. పాత జిల్లాల వారీగా ఉంటాయి కాబట్టి మన్యంలోని మండలాల కోసం రెండు పుస్తకాలు తిరగెయ్యాలి. ప్రతి మాస్టారూ విడివిడిగా ఈ పని చేయలేరు. పాఠం రాసేవారు జిల్లాకు రెండు పేజీల పట్టిక తెలుగులో తయారు చేయించి బళ్లకు పంపితే చాలు. మండలం పేరు, చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణం, జనాభా. సాంద్రత గడి మాత్రం ఖాళీగా వదిలెయ్యండి, అది పిల్లలు నింపుతారు. ఊరి లెక్కకు వచ్చేసరికి నూరు హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరని ఒక వరసలో చెబితే సరిపోతుంది. 320 హెక్టార్ల ఊరిలో 1,440 మంది ఉంటే సాంద్రత 450 అని ఏడో తరగతి పిల్లలు నోటితోనే చెప్పగలరు.

ఈ పని ఇప్పుడే జరగాలని అడగడానికి కారణముంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 నాటి జనాభా తేల్చేలా నోటిఫై అయింది. ఇంటింటికీ తిరిగే ఎన్యూమరేటర్లలో మన ఉపాధ్యాయులే ఎక్కువమంది ఉంటారు. ఒక్కొక్కరి చేతికి వచ్చే బ్లాకుకు హద్దులు ఎలా పెడతారో, ఒక ఇంట్లో ఎవరిని రాయాలో ఎవరిని రాయకూడదో ఎలా తేలుస్తారో ఆ అనుభవం ఉన్న మాస్టారు తరగతిలో చెబితే పిల్లలు ఎంత ఆసక్తిగా వింటారో చూడండి. ఇళ్ల వివరాలు మాత్రం పిల్లలకు చూపకూడదు, ఎవరి సమాచారం వారిదే అని 1948 నాటి జనగణన చట్టం కట్టడి చేసింది. అది కూడా పాఠమే. కొత్త అంకెలు వచ్చేదాకా 2011 నాటి పాత జనాభాతో సాంద్రత చెబుతున్నామని పుస్తకంలో ఒక వాక్యం రాయండి. ఇప్పుడు పుస్తకాల్లో ఏ సంవత్సరానిదో చెప్పకుండా అంకె ఒక్కటే కనిపిస్తే, అది నేటిదేనని పిల్లలు అనుకుంటారు.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి చివరగా ఒక నమూనా ప్రశ్న. 'జనసాంద్రత అనగానేమి?' బదులు, వచ్చే పరీక్షలో ఇది అడిగి చూడండి:

'2011 జనాభా ప్రకారం పాత విజయనగరం జిల్లా జనాభా 23,44,474, విస్తీర్ణం 6,539 చదరపు కిలోమీటర్లు. అదే జనాభా లెక్కల ప్రకారం 2022 తరవాతి విజయనగరం జిల్లా జనాభా 19,30,811, విస్తీర్ణం 4,122 చదరపు కిలోమీటర్లు. రెండింటి జనసాంద్రతలు కనుక్కోండి. జనాభా తగ్గినా సాంద్రత ఎందుకు పెరిగింది? జిల్లాలోంచి వెళ్లిన ప్రాంతం ఎలాంటిదై ఉంటుంది? పటం చూసి రెండు కారణాలు రాయండి.'

ఆరు మార్కులు ఇవ్వండి. లెక్కకు రెండు, కారణానికి నాలుగు. భాగహారంలో తడబడ్డా కారణం సరిగా రాసిన పిల్లలకు ఆ నాలుగూ పడేలా మూల్యాంకన సూచనల్లో రాయండి. బళ్లు తెరిచేలోగా మండలాల పట్టిక పంపగలిగితే, మా మూడు జిల్లాలకు సంబంధించి అంకెలు సరిచూసి, తెలుగులో పేర్లు సరిదిద్ది ఇచ్చే పనికి నాతోపాటు ఇక్కడి సోషల్ మాస్టార్లు, టీచరమ్మలు కొంతమంది సిద్ధంగా ఉన్నారు.